హారతి పళ్ళెంలో గుడ్లు

ఆ రోజుకు లక్ష్మీపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే వలి బాషా ప్రెస్సుకు పోయి తాను రాసిన పుస్తకం తెచ్చుకోవాలి. భార్య వేదవతిని వెంటబెట్టుకుని ప్రొద్దుటూరులో బస్సెక్కాలి. జమ్మలమడుగులో మామగారి కాళ్ళ దగ్గర ఆ పుస్తకం పెట్టి క్షమించమనాలి. సాయంత్రానికి పులివెందుల చేరి అక్కడి గ్రంథాలయంవాళ్ళు వేసే దండ వేయించుకోవాలి. అనుకోవడానికి ఎవరికీ పన్ను కట్టనక్కర్లేదు కాబట్టి ఇవన్నీ అనుకున్నాడు.

లక్ష్మీపతి అంటే ఆ మూడు ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. పంచాయతీ ఆఫీసు గోడకు బిగించిన రేడియో పెట్టెలోంచి సాయంత్రం పూట "ఏమప్పా, అందరూ బాగుండారా?" అని పలకరించిన గొంతు అతనిదే. రైతులకు ఎరువుల గురించి చెప్పమని కూర్చోబెడితే, ఎరువులు పక్కనపెట్టి ఊళ్ళ సంగతులు ఎత్తుకునేవాడు. జనం పొట్టచెక్కలయ్యేట్టు నవ్వేవాళ్ళు, ఎవరి సంగతి ఎత్తాడో వాళ్ళు తప్ప. వాళ్ళు కూర్చుని ఫిర్యాదులు రాసేవాళ్ళు. కోస్తా వైపు పెద్దమనుషులు కొందరు, రేడియోలో ఈ మోటు యాస ఏమిటని ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. లక్ష్మీపతి దేనికీ లొంగలేదు.

నోరు ఊరుకోనివాడికి ఊళ్ళోవాళ్ళు అయిపోతే ఇంట్లోవాళ్ళే మిగులుతారు. ఒకనాడు మైకు ముందు కూర్చుని సొంత మామ మీదే పడ్డాడు. "మా మామ గుళ్ళో పూజారి. పళ్ళెంలో దుడ్లు పడితే మంత్రం పెన్నా అవతలికి వినిపిస్తాది. పడకుంటే పెదిమలు గూడా కదలవు" అన్నాడు. జమ్మలమడుగంతా విరగబడి నవ్వింది. మామ అనంతరామయ్య నవ్వలేదు. "వాడు నా గడప తొక్కగూడదు" అని కబురు పంపాడు. ఆ నెలలోనే రేడియోవాళ్ళు కూడా ఇంచుమించు ఇదే మాటను కాస్త మర్యాదగా చెప్పారు.

అనంతరామయ్య పిల్లనిచ్చిన మామ మాత్రమే కాదు, మేనమామ కూడా. తండ్రి లేని లక్ష్మీపతిని తెచ్చుకుని చదివించి మనిషిని చేసినవాడు. మైకు పోయినందుకు లక్ష్మీపతి బాధపడ్డాడు గానీ మామ పోయినందుకు నిజంగా కుంగిపోయాడు. వేదవతి "బావ రాని ఇంటికి నేనూ రాను" అని పౌరుషానికి పోయింది. పోయిందే గానీ, వీధిలో జమ్మలమడుగు బస్సు హారను వినిపిస్తే చాలు, చేతిలో పని ఆపేసి కొంగుతో కళ్ళు తుడుచుకునేది. అది చూడలేకే లక్ష్మీపతి పుస్తకం రాశాడు. రేడియో రోజుల ముచ్చట్లన్నీ నవ్వులాటగా చెబుతూ, మొదటి అధ్యాయంలో మాత్రం మామ గురించి నిజం రాశాడు.

ప్రెస్సులో వలి బాషా పుస్తకాన్ని కొత్త పెళ్ళికొడుకులాగా తయారుచేసి ఉంచాడు. ఎర్ర గుడ్డ అట్ట, బంగారు అక్షరాలు, చుట్టూ కాగితం, ఆపైన దారం.

"ఇది మీ మామకని గట్టి అట్ట వేయించినా సామీ. మామూలు అట్టవి పోయిన వారమే జమ్మలమడుగుకు, పులివెందులకు బస్సుల్లో పంపిస్తి. అన్నీ అమ్ముడుపాయ! ఇంకా పంపమంటాండారు" అన్నాడు వలి బాషా.

లక్ష్మీపతి గాల్లో తేలిపోతూ బస్టాండుకు వచ్చాడు. అక్కడ గుడ్లమ్మే గులాబ్‌బీ ఖాళీ గంప పక్కన కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచి రెండు చేతులూ ఎత్తింది.

"నీ కడుపు సల్లగుండ సామీ! నీ పుస్తకం పుణ్యాన గుడ్లన్నీ తెల్లారకముందే అయిపోయె. జమ్మలమడుగోల్లు గంపలకు గంపలు కొనకపోతాండారు."

"నా పుస్తకానికీ నీ గుడ్లకూ ఏంది సంబంధం?"

"గుళ్ళో ఇయ్యల్లంట గదా! నువ్వే రాసినావంట!"

పాపం, ఎండ దెబ్బ అనుకుని లక్ష్మీపతి వేదవతితో కలిసి బస్సెక్కాడు. ముందు సీటులో కూర్చున్న తాలూకాఫీసు గుమస్తా వెనక్కి తిరిగి అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఏం పంతులూ, మేము నీకు కోళ్ళమాదిరి కనపడతాండామా?"

"అదేందప్పా అట్లంటావు?"

"'తాలూకాఫీసులో గుడ్లు పెట్టందే కాగితం కదలదు' అని రాస్తివి. నిన్నట్నుంచి వచ్చినోడల్లా నా కుర్చీ కింద వంగి చూస్తాండాడు. అర్జీ తెచ్చిన ముసలామె ఒకామె, 'నాయనా, ఇంగా ఎంతసేపు పడుతుంది నీకు' అని అడిగె!"

బస్సంతా గొల్లుమంది. లక్ష్మీపతి గబగబా దారం తెంపి పుస్తకం విప్పాడు. తాను 'దుడ్లు' అని రాసిన ప్రతిచోటా, వరస తప్పకుండా, 'గుడ్లు' అని ఉంది.

జరిగిందేమిటంటే, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే వేదవ్యాస గారు కృష్ణ ఒడ్డున పుట్టి, ఉద్యోగం కోసం ప్రొద్దుటూరు వచ్చిన మనిషి. మహా నిష్ఠాపరుడు. తప్పు కనబడితే అన్నం సహించదు. వాళ్ళ వైపు డబ్బులంటారే గానీ దుడ్లనరు. కంపోజిటరు గు బదులు దు పేర్చాడనుకుని, ఓపికగా అన్నింటినీ సరిచేశాడు. ప్రూఫు ఒకసారి చూసుకోమని వలి బాషా అడిగితే, "నేను రాసింది మళ్ళీ నేనే చదివేదేంది?" అన్న ఘనుడు లక్ష్మీపతే.

పుస్తకం అతని చేతుల్లోంచి వేదవతి లాక్కుంది. నాలుగు పేజీలు తిప్పి ఒకచోట ఆగింది.

"'నేను నిద్రపోయినాక మా ఇంటిది నా జేబులో చెయ్యి పెట్టి గుడ్లు తీస్తుంది.' బావా! నేను పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టినానా?"

"దుడ్లే వేదా! దుడ్లు తీస్తావని రాసినా!"

"అంటే దొంగదాన్నని రాసినావా?"

ఏ జవాబు చెప్పినా ప్రమాదమేనని లక్ష్మీపతి కిటికీ వైపు తిరిగాడు. అప్పుడు గుర్తొచ్చింది మొదటి అధ్యాయం. పుస్తకం మళ్ళీ తీసుకుని చూశాడు. 'మా మామను నేను రేడియోలో ఆడిపోసుకున్నాను. నా నోరు పడిపోను! హారతి పళ్ళెంలో పడిన గుడ్లలో ఒక్కటి కూడా ఆయన ఇంటికి తీసుకుపోడు. అన్నీ పేద బడిపిల్లలకే ఖర్చు పెడతాడు' అని ఉంది.

"ఈ తూరి గడప కాదు, జమ్మలమడుగు పొలిమేర గూడా తొక్కనీడు మామ" అన్నాడు నీరసంగా. వేదవతి పుట్టింటికి తీసుకుపోవడానికి కట్టుకున్న పూల పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది.

జమ్మలమడుగులో అనంతరామయ్య ఇల్లు కనబడకముందే గంపలు కనబడ్డాయి. అరుగు మీద గంపలు, మెట్ల మీద గంపలు. చుట్టుపక్కల పల్లెల రైతులు పుస్తకాన్ని చదివించుకుని విన్నారు. ఈ సామి ఎంత గొప్పోడు, కులం చూడకుండా పిల్లోల్లకు గుడ్లు పంచుతాండాడని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇంట్లో కోళ్ళున్న ప్రతివాడూ భక్తి కొద్దీ మోసుకొచ్చాడు. బడి పంతులు మక్బూల్ సారు పిల్లల్ని వరసగా నిలబెట్టి పంచుతున్నాడు గానీ, ఒక గంప ఖాళీ అయ్యేలోపు రెండు వచ్చి పడుతున్నాయి. భక్తి మరీ ముదిరిన రైతు ఒకడు తన గంపను ఏకంగా గడప లోపల పెట్టి దండం పెట్టిపోయాడు.

ఆ గంపకు అవతల, తడిబట్టతో, మడితో అనంతరామయ్య నిలబడి ఉన్నాడు. దాటితే మైల, ముట్టితే మైల. గుళ్ళో స్వామికి పూజవేళ మించిపోతోంది.

అల్లుణ్ణి చూడగానే ఆయన కళ్ళు చింతనిప్పులయ్యాయి. "రా నాయనా రా! నీకోసమే కాచుకోనుండా!"

"మామా..."

"మాటలు తర్వాత! ముందు ఈ గంప తియ్యి!"

లక్ష్మీపతి మెట్లెక్కి గడప ముందు ఆగిపోయాడు. గంప అందాలంటే కాలు లోపల పెట్టక తప్పదు.

"తొక్కుదునా మామా?"

అనంతరామయ్య గడప వైపు చూశాడు, గంప వైపు చూశాడు, కూతురి చేతిలో పూల పొట్లం వైపు చూశాడు.

"తొక్కు! తొక్కి తగలడు!" అని అరిచాడు.

లక్ష్మీపతి తొక్కాడు. గంప ఎత్తి మక్బూల్ సారు చేతికిచ్చి, వెనక్కి వచ్చి దూరంగానే సాగిలపడ్డాడు. "మామా, అవి గుడ్లు కావు. నేను దుడ్లని రాసినా. అచ్చులో మారిపాయ."

"నాకు తెలీదారా? ఈ మట్టిలో పుట్టినోన్ని! మొదటి వాక్యం చదవంగానే తెలిసె." అనంతరామయ్య గొంతు ఒక్కసారి తగ్గింది. "పలకలూ పుస్తకాలూ కొనిస్తాండేది నేను ఎవురికీ చెప్పలే. నీకెట్ల తెలిసె?"

"మక్బూల్ సారు చెప్పినాడు మామా. అది తెలిసినాక నాకు నిద్ర పట్టలే. అందుకే రాసినా."

లోపలినుంచి అత్త మంగమ్మ బయటికి వచ్చింది. "ఏమంటిరి? పళ్ళెం దుడ్లు పలకలకా? గొలుసుకు కొక్కెం వేయించమంటే 'దుడ్లు యాడియ్యే' అంటిరే!"

అనంతరామయ్య అల్లుడి వైపు జాలిగా చూశాడు. "చూస్తివా? గుడ్లని పడబట్టి ఈ వారమైనా మీ అత్తకు తెలీలే. దుడ్లని పడింటే అప్పు కావల్సినోల్లంతా ఈ మెట్ల మీద కూచునుందురు. ఆ ప్రూఫులాయన ఎవరో గానీ, నాకు దేవుని మాదిరి అడ్డం పడినాడు. నువ్వు సాయంత్రం పులివెందులలో నోరు తెరిచి నిజం చెప్పేస్తావేమో. నేనూ వస్తా."

పూజ ముగించుకుని, గొలుసుకు కొక్కెం ఒప్పుకుని, అందరూ ముద్దనూరు మీదుగా పులివెందుల చేరారు. బస్సులో ఆయన అల్లుడితో ఒక్క మాటా మాట్లాడలేదు. గడప తొక్కమన్నది గంప కోసమో, తన కోసమో లక్ష్మీపతికి అంతుపట్టలేదు. అడిగే ధైర్యం వేదవతికి కూడా లేకపోయింది.

గ్రంథాలయం కిటకిటలాడుతోంది. పాఠకులు అప్పటికే రెండు పార్టీలయ్యారు. ఇటు గుడ్లవాళ్ళు, అటు దుడ్లవాళ్ళు. ఈ మనిషి అందరినీ ఎగతాళి చేస్తాడని తిట్టడానికి వచ్చినవాళ్ళు కూడా, ఏ మాట మీద తిట్టాలో తేలక కూర్చున్నారు. దండ వేయగానే ఒక ఆసామి లేచాడు. పుస్తకంలో పిసినారిగా ఎక్కింది తానేనని అతని అనుమానం.

"లక్ష్మీపతప్పా, సూటిగా చెప్పు. గుడ్లా? దుడ్లా?"

లక్ష్మీపతి నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఏమీ పలకకుండా మూసుకున్నాడు. ఆ అద్భుతం చూసి సభ నిశ్శబ్దమైంది.

"ఆయన్నడిగేదేంది? పూజారే వచ్చుండాడు!" అన్నారు వెనకనుంచి. "సామీ, మీ పళ్ళెంలో పడేది ఏంది?"

అనంతరామయ్య నిదానంగా లేచాడు. కండువా సర్దుకున్నాడు. లక్ష్మీపతి కళ్ళు మూసుకున్నాడు.

"పళ్ళెంలో ఏం పడినా అది మా ఇంటికి రాదు. ఆ మాట వీడు సరిగ్గానే రాసినాడు" అన్నాడాయన. అల్లుడి వైపు తిరిగాడు. "వీని నోరు మంచిది కాదు. శానా చెడ్డది. నేనే పెంచినా కాబట్టి నాకు తెలుసు. నవ్వించినోడు ఎవడైనా వచ్చి తప్పయిందంటాడా? వీడు అచ్చేసి మరీ చెప్పినాడు. పళ్ళెంలోది మా ఇంటికి రాకున్నా సరే, నా అల్లుడు మాత్రం రావల్ల."

రెండు పార్టీలూ కలిసి చప్పట్లు కొట్టాయి. తాను పిసినారినా కాదా అన్న సంగతి మరిచిపోయి ఆ ఆసామి కూడా కొట్టాడు. వేదవతి ఆడవాళ్ళ వరసలో కూర్చుని సంకోచం లేకుండా ఏడ్చింది. ఆ పూల పొట్లం విప్పి తల్లి జడలో తురిమింది.

లక్ష్మీపతి మెల్లగా దగ్గరికి వచ్చి, "మామా, మళ్ళీ అచ్చేసేటప్పుడు దిద్దించాల్నా?" అని అడిగాడు.

"ముట్టుకున్నావంటే కాళ్ళిరగ్గొడతా" అన్నాడు అనంతరామయ్య, అతని భుజం మీద చెయ్యి వేసి.

వేదవతి అటునుంచి అటే తల్లిదండ్రులతో పుట్టింటికి పోయింది. అన్నాళ్ళ బెంగ ఒకటి రెండు రోజుల్లో తీరేది కాదు. రాజీ అంత బాగా కుదిరినందుకు లక్ష్మీపతి ఆ నెలంతా హోటల్లో భోంచేశాడు.