కీలెరగని వాత

ఆ రెండు వారాలూ ఉత్తరాది ఉక్కు పట్టణంలో, బర్మామైన్స్‌లోని ఆ ఇంట్లో అన్నం సమయానికే ఉడికింది, పప్పూ సమయానికే ఉడికింది. వేళాపాళా లేకుండా ఉడికింది మాత్రం వరహాలు కడుపు.

కారణం, భార్య హిమబిందు టైపింగ్ పరీక్ష రాయబోతోంది. అదీ వరహాలు పనిచేసే కాంట్రాక్టరు ఆఫీసులోనే. ఉద్యోగమొస్తే షిఫ్టు రిపోర్టులు సరిచూసే సీటు ఆమెది. ఆ రిపోర్టులు ఇంటి నుంచి రెండు వేళ్లతో పొడిచి పంపేది వరహాలు.

"ఇంట్లో నువ్వే తప్పులు పడతావు, డ్యూటీలోనూ నువ్వేనా? మరి నేనెక్కడ ఊపిరి పీల్చుకోవాలే?" అన్నాడు.

"తప్పులు సెయ్యకపోతే సరి."

అలాంటి కష్టమైన సలహా పాటించే మనిషి కాడు వరహాలు.

ఇంట్లో ఉన్నది ఆఫీసువాళ్లు వద్దనుకున్న పాత లినక్స్ కంప్యూటరు. మౌస్ లేదు, బొమ్మలు లేవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఏ కీ నొక్కితే ఏ అక్షరం పడాలో ఒక ఫైలులో రాసి, 'లోడ్‌కీస్' అని ఆదేశమిస్తే కీబోర్డు అలాగే వింటుంది. ఇంట్లో వరహాలు మాట వినేది అదొక్కటే. అందుకే దాన్నే కుట్రలో కలుపుకున్నాడు.

మొదటిరోజు 'ఏ', 'ఎస్' కీలను తారుమారు చేశాడు.

"ఇదేటి మావా, కీబోర్డుకి మతిపోయినాదా?"

"దానికేటైంది? నీ వేళ్లే తడబడతన్నాయి. పరీక్ష మానెయ్యరాదా?"

హిమబిందు తన వేళ్లను చూసుకుంది, మొగుడిని చూసింది, మళ్లీ కీబోర్డు ముందు కూర్చుంది. సాయంత్రానికల్లా ఆమె చేతులు మళ్లీ పరుగు అందుకున్నాయి.

మర్నాడు ఇంకో రెండు మార్చాడు. ఆ తర్వాత నాలుగు. ఆమె గంటసేపు తడబడేది, ఆపైన అలవాటు పడిపోయేది. మార్చినవాటినే మళ్లీ మళ్లీ మార్చి, ఏది ఎక్కడుందో చివరికి తనే మరిచిపోయాడు.

పైగా కంప్యూటరు ఆపి పెడితే కీలన్నీ మామూలైపోతున్నాయి. పద్నాలుగో రోజున, అది మొదలవగానే తన అమరికే రావాలని రాసిపెట్టాడు. కీలెరిగి వాత పెట్టానని మురిసిపోయాడు.

వాత తెల్లారేసరికి తనకే తగిలింది. తొమ్మిదిలోగా రిపోర్టు పంపాలి. కంప్యూటరు ముందు యూజరు పేరు అడిగింది; అందులోని కీలేవీ మార్చలేదు గనక అది సరిగానే పడింది. పాస్‌వర్డు వాళ్లమ్మ పేరు, ధనమ్మ. కొట్టాడు. తప్పంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పంది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు తెర మీద ఏ అక్షరమూ కనబడదు, ఏం పడుతోందో ఆ దేవుడికే ఎరుక.

"కన్నతల్లి పేరు తప్పంటాదేటే ఈ పాపిష్టిది!" అంటూ నేలమీద చతికిలబడ్డాడు. అప్పటికే రెండు రిపోర్టులు ఆలస్యమయ్యాయి. ఇదీ అందకపోతే గేటు లోపలికి రానివ్వనని సూపర్‌వైజరు చెప్పేశాడు.

సగం అల్లిన జడతో వచ్చింది హిమబిందు. పదకొండుకి ఆమె పరీక్ష.

"లెగు."

"నీ వల్ల కాదే. నా బతుకు అయిపోయినాది."

"పాస్‌వర్డు కనపడదు గానీ, ముందు పేరడిగే కాడ అక్షరాలు కనిపిత్తాయి గదా."

అక్కడ ఒక్కో కీ నొక్కి, ఏ అక్షరం పడుతోందో కాగితం మీద రాసుకుంది. అది చూస్తూ అత్తగారి పేరు కొట్టింది. కంప్యూటరు లోపలికి రానిచ్చింది. కీలన్నీ మామూలు చేసి, రిపోర్టు తనే కొట్టి పంపింది. ఏడు నిమిషాలు పట్టింది.

"ఈ ఆదేశాలు నీకెలా తెల్సు?"

"పైబాణం నొక్కితే నువ్వు కొట్టినవన్నీ వరసగా వత్తాయి. మొదటిరోజే సూసినాను."

"మరి అడగలేదేటే?"

"నువ్వే సెప్తావని సూసినాను. వద్దనాలంటే మొగం మీదే వద్దని సెప్పు, మావా. నా వేళ్లని నాకే దొంగల్ని సెయ్యకు."

వరహాలు స్కూటరు తీసి, ఆమెను జుగ్సలాయిలోని కాంట్రాక్టరు ఆఫీసు దాకా దింపి, బయట బెంచీ మీద కూర్చున్నాడు. దేవుడికి దణ్ణం పెట్టాడు గానీ, ఏం కోరుకోవాలో తోచలేదు.

లోపల పరీక్షకు పెట్టిన కీబోర్డులు ముసలివి. సగం కీల మీద అక్షరాలు అరిగిపోయాయి. మిగిలిన ఎనిమిది మందీ అక్షరాల కోసం వెతుక్కుంటుంటే హిమబిందు చేతులు ఆగలేదు. కీ మీద రాసి ఉన్నదాన్ని నమ్మడం ఆమె మానేసి రెండు వారాలైంది మరి.

పరీక్ష పెట్టిన పెద్దాయన కాగితం పట్టుకుని ఆమె వెంటే బయటికొచ్చాడు. "ఏక్ భీ గల్తీ నహీ! కిస్‌నే సిఖాయా?" ఒక్క తప్పూ లేదు, ఎవరు నేర్పారమ్మా అని ఒకటే ఆశ్చర్యం.

హిమబిందు బెంచీ వైపు చూపించింది. మా ఆయనే సార్, రెండు వారాలు చాలా కష్టపడ్డారు అని హిందీలోనే చెప్పింది.

పెద్దాయన వచ్చి వరహాలు చెయ్యి పట్టుకుని ఊపాడు. వరహాలు లేచి నిలబడ్డాడు గానీ, తల మాత్రం లేవలేదు.