ఆరో లోకం

పగలు గడియారాలు బాగుచేసే ఆయన, తీరిక దొరికితే చాలు, నవల కోసం కొత్త లోకాలు కడుతుండేవాడు. ‘లోకకర్త’ అని పేరు పెట్టింది బావమరిది, వెక్కిరించడానికే.

మొదటి లోకంలో మనుషులకు రెక్కలుండేవి. “మరి చొక్కా ఎలా తొడుక్కుంటారండీ?” అని భార్య అడిగింది. అంతే, లోకం కూలింది. అలా ఐదు పోయాయి. ఆరోది కూడా పోతే ఇక కలం ముట్టనని ఒట్టేసుకున్నాడు పాపం. బతుకులో తనదంటూ ఉన్నది ఆ ఒక్క ఆశే.

ఆ సాయంత్రం సబ్బులు తేవడం మరిచి ఇంటికొచ్చాడు. తిట్లు తప్పించుకోవడానికి గుమ్మంలోనే లోకాన్ని అడ్డం పెట్టాడు.

“నా కొత్త లోకంలో ఒకటే నియమం. ఎవరు దేన్ని మర్చిపోతే అది మాయం. నేను సబ్బులు మర్చిపోయానంటే, అసలు సబ్బులే లేవన్నమాట. లేనివి ఎలా తెస్తాను చెప్పు?”

ఆవిడ కోప్పడలేదు. అందుకే ఆయనకు భయమేసింది.

“వస్తువులేనా, మనుషులు కూడానా?”

“మనుషులు కూడా! నియమమంటే నియమమే.”

“పెళ్లైన కొత్తలో నన్ను బస్టాండులో మర్చిపోయి, పెట్టె మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చుకున్నారే...”

“ఇప్పుడా పాత పురాణం ఎందుకు?”

“ఆ రోజే నేను మాయమైపోయానుగా. లేనిదాన్ని, వంటెలా చేస్తాను చెప్పండి?”

గరిట పెట్టేసి, గదిలోకెళ్లి తలుపేసుకుంది.

“భార్యలకు మినహాయింపు!” అని అరిచాడు. మినహాయింపు ఇస్తే నియమం చస్తుంది, ఇవ్వకపోతే తను చస్తాడు. ఆరోదీ పోయిందని కుర్చీలో కూలబడ్డాడు. ఈ జన్మకిక రచయితను కాలేననుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

వంటింట్లో గిన్నెల చప్పుడు లేదు. ఆ రోజు ఆవిడ నిజంగానే మాయమై ఉంటే? లేచి గది తలుపు దగ్గరికెళ్లాడు.

“ఏమోయ్, ఉన్నావా?”

“నేనెప్పుడో పోయాను. మీరున్నారా?”

“ఉన్నాననే అనుకుంటున్నా.”

“ఎందుకున్నారో తెలుసా? నేను మిమ్మల్ని ఒక్క రోజు కూడా మర్చిపోలేదు కాబట్టి.”

లోకకర్త దిగ్గున లేచాడు. ఇన్నేళ్లూ దొరకని నవల ఆ ఒక్క మాటలో ఉంది! కాగితం అందుకునేలోపే తలుపు తెరుచుకుని చేసంచీ బయటికొచ్చింది.

“ముందు సబ్బులు.”

మళ్లీ మరిచిపోతానేమోనని “సబ్బులు, సబ్బులు” అని జపం చేస్తూ వీధి చివరి దుకాణానికి పరుగెత్తాడు. తెచ్చాడు కూడా. గర్వంగా బల్ల ముందు కూర్చుని కలం మూత తీశాడు. ఆవిడన్న మాటలో ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

“ఏమోయ్,” అన్నాడు ఏడుపు గొంతుతో, “ఇందాక తలుపు వెనక నుంచి ఏమన్నావు?”

“మర్చిపోయారా?” అంది ఆవిడ, పొయ్యి వెలిగిస్తూ. “అయితే నేనేమీ అనలేదన్నమాట.”