నామ్‌గోక్ కౌంటీలో మడమల ఉద్ధరణ

ఇకమీదట నామ్‌గోక్ కౌంటీలో ఏ పిల్ల మడమా గాలిలో ఉండడానికి వీల్లేదని కౌంటీ అధ్యక్షులు ప్యో తేసొక్ గారు జనవరిలో ప్రకటించారు. ప్రకటిస్తూ బల్లను మూడుసార్లు గుద్దారు. కిందటేడు వెల్లుల్లి ధర పడిపోనివ్వనన్నప్పుడు రెండుసార్లే గుద్దారు కనక, ఈసారి సంకల్పం గట్టిదని జనానికి అర్థమైంది.

ఆ ప్రకటన రాసిచ్చినవాడు ప్రచార విభాగం గుమాస్తా పాంగ్. పిక్కలు బిగుసుకుపోయి మునివేళ్ళ మీద నడిచే పిల్లలు కౌంటీలో ఐదుగురున్నారు. పిక్కల్లో బొటాక్స్ సూది వేస్తే రెండు వారాల్లో కండ సడలుతుంది. మూడు నాలుగు నెలలు మడమ నేలకు ఆనుతుంది. ఆ లోపల వ్యాయామం చేయించుకోవాలి.

ఐదుగురిలో దాన్‌బి ఒకతె. మార్చిలో బళ్ళు తెరవగానే ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్ల. కిందటేడు నగరంలో ఒకసారి సూది వేయించుకుని నాలుగు నెలలు దర్జాగా తిరిగింది. మళ్ళీ మూడు బస్సులు మారి తీసుకెళ్ళడం వాళ్ళ నాయనమ్మ బోక్‌నే అవ్వ వల్ల కాలేదు.

అవ్వ రెండు జతల జోళ్ళు తెచ్చి పాంగ్ బల్ల మీద పెట్టింది. పాత జతకి ముందువైపు చిల్లులు, వెనకవైపు కొట్లోంచి అప్పుడే తెచ్చినంత నిగనిగ. రెండోది బడి లోపల తొడుక్కోవడానికి కొన్న తెల్ల జత.

"ఇదుగో నాయనా, ఈ కొత్తవి మడమ దగ్గర కూడా అరగాలి. నాకింకేం వద్దు."

అరుగుతాయని పాంగ్ మాటిచ్చాడు. గుమాస్తా అన్నవాడు మాటివ్వకూడదని తెలియని వయసేం కాదు అతనిది.

మందు ఆరు సీసాలు వచ్చింది. ఆరోగ్య కేంద్రంలో పిల్లలు పంట్లాం కాళ్ళు పైకి మడుచుకుని కూర్చున్నారు. యోమ్ డాక్టరమ్మ సూది పట్టుకుంది. అప్పుడే అధ్యక్షులవారు సపరివారంగా విచ్చేశారు. నామ్‌గోక్‌లో పెద్దలు చెంచా ఎత్తందే చిన్నవాళ్ళు పులుసు ముట్టరు. సూదికి మాత్రం వేరే మర్యాద ఎందుకుంటుంది? పిల్లల భయం పోగొట్టడానికి మొదటి సూది తామే భరిస్తామన్నారు ప్యో గారు.

"మీ పిక్కలు బాగానే ఉన్నాయి కదండీ," అంది డాక్టరమ్మ.

"పిక్కలెందుకమ్మా, ముడతలు పడ్డ నుదురుంది," అన్నాడు ఆయన కార్యదర్శి. "కౌంటీ నడిచేది దాని మీదే."

డాక్టరమ్మ కాదనబోయింది. ఆవిడ కాంట్రాక్టు కాయితం మీద సంతకం ఇంకా కాలేదని కార్యదర్శి ఎంతో ఆప్యాయంగా గుర్తుచేశాడు.

అధ్యక్షులవారు నుదుటితో ఆగలేదు. కళ్ళ అంచులు, దవడలు కూడా ప్రజలకి అర్పించారు. ఆయన తర్వాత ఉపాధ్యక్షుడు. ఆయన వేయించుకున్నాక ఆర్థిక విభాగం పెద్ద మానేస్తే పైవాళ్ళని అవమానించినట్టు. ఆయన వేయించుకున్నాక రోడ్ల పెద్ద మానేస్తే మరీ అవమానం. హోదా ప్రకారం అలా దిగుతూ వరస పన్నెండో స్థానంలో పార్కుల పెద్ద దగ్గరికొచ్చింది. సూదంటే మూర్ఛపోయే మనిషి, కళ్ళు మూసుకుని దవడ అప్పగించాడు. ఆరో సీసా అక్కడ అయిపోయింది. పదమూడో స్థానం పాంగ్‌ది. పిల్లలకి స్థానమే లేదు.

దాన్‌బి పైకి మడిచిన పంట్లాం కాళ్ళు కిందికి దించుకుంది.

రాష్ట్రానికి నివేదిక పంపాలి. ఫారంలో మూడే గళ్ళున్నాయి. సూది ఎందరికి వేశారు? పన్నెండుమందికి. ఇప్పుడు మడమలు నేలకు ఆనుతున్నాయా? పాంగ్ స్వయంగా వెళ్ళి పన్నెండుమందినీ నిలబెట్టి చూశాడు. అందరివీ ఆనుతున్నాయి. ఫలితం? నూటికి నూరు. ఒక్క అబద్ధం రాయలేదని అతనికి చాలా ధైర్యంగా ఉండేది. బల్ల మీద ఆ జోళ్ళు పెట్టిన చోటికి మాత్రం కళ్ళు పోనిచ్చేవాడు కాదు.

ఆదర్శ కౌంటీ బిరుదు వచ్చింది. బడి తెరిచిన రోజే, బడి హాల్లోనే ఫలకం అందజేశారు. వేదిక మీద పన్నెండు నున్నని ముఖాలు, పెట్టెలో సర్దిన కోడిగుడ్ల మల్లే. బోక్‌నే అవ్వ దాన్‌బి చెయ్యి పట్టుకుని సరాసరి ముందుకొచ్చింది.

"అయ్యా, మా పిల్ల మందేదీ?"

ప్యో గారు విచారం ప్రకటించాలని నిజంగానే ప్రయత్నించారు. కనుబొమ్మ కదల్లేదు, పెదవి వంగలేదు. చెవులు మాత్రం కొంచెం అల్లాడాయి. దాన్‌బి ఆయన ముఖంలోకి జాలిగా చూసింది.

"భయపడకు తాతా. నాలుగు నెలల్లో దిగిపోతుంది. రోజూ వ్యాయామం చెయ్యి, లేకపోతే సూది వేస్టు."

చప్పట్లు మోగాయి. కార్యదర్శి అవ్వని పక్కకి నడిపించాడు. దాన్‌బి వెళ్ళి కొత్త పిల్లల వరసలో తెల్లజోళ్ళతో నిలబడింది. పాంగ్ ఫోటో తీశాడు.

మర్నాడు పత్రికలో అది మొదటి పేజీలో పడింది. కింద పాంగ్ రాసిచ్చిన వాక్యం ఇది: "ప్రియతమ అధ్యక్షులను కళ్ళారా చూడాలన్న ఆత్రంతో మునివేళ్ళ మీద నిలబడిన చిన్నారి."