పోలమ్మ ముళ్లకు ఉచిత తగిలింపులు

ఒక పెద్ద అడవిలో, ఇప్పచెట్టు మొదట్లో, రోజూ ఒక టేకాకు మీద ఒకే ఒక్క వాక్యం కనిపించేది. "మొసలి ఈ పూట దిగువ రేవులో ఉంది." అంతే. కొన్ని రోజులు దిగువ అనే చోట ఎగువ అనో, నడిమి అనో ఉండేది. మిగతాదంతా మామూలే.

రాసేది పోలమ్మ అనే ముళ్లపంది. తెల్లారేసరికి మూడు రేవులూ తిరిగి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూసి, వీపు మీది ముల్లు ఒకటి పీకి, నేరేడు రసంలో ముంచి రాసేది. పట్నంలో ఇలాంటి దాన్ని బ్లాగు అంటారట. అడవిలో పోలమ్మ ఆకు అనేవాళ్లు. నీళ్లకు వెళ్లే ప్రతి జంతువూ ఆ ఆకు చూసి, మొసలి లేని రేవుకు తిరిగేది. ఆకు మొదలైన రెండేళ్లలో మొసలి నోట పడింది ఒక్క అడవిపంది. అదీ చదవడం రాక కాదు, "మనకెవడు చెప్పేది" అన్న పొగరు కొద్దీ.

రోజూ అందరికంటే ముందు వచ్చే పాఠకురాలు ఎర్రమ్మ అనే జింక. వెంట దాని కూన ఉండేది. "ఈ పూట దిగువా అత్తా? సరే" అని ఎగువకు తిరిగిపోయేది.

ఇక్కడే పోలమ్మకు ఒక బాధ ఉంది. ఈ రెండేళ్లలో ఒక్కరూ బాగుందనలేదు. ఆవలి గట్టున నెమలి కూడా ఒక ఆకు నడిపేది. "ఈ రోజు నా మనసు ఎందుకో మబ్బుగా ఉంది" అని అది రాస్తే ముప్పై జంతువులు నిలబడి చదివి నిట్టూర్చేవి. పోలమ్మ ఆకు ముందు ఎవరూ రెండు క్షణాలకు మించి నిలబడరు. ప్రాణాలు కాపాడుకుని వెళ్లిపోతారు. రాసేవాళ్లకు అది చాలదు. వాళ్ల సంగతి నాకు బాగా తెలుసు.

అటు మొసలి గంగరాజు పొట్ట వీపుకు అంటుకుపోతోంది. ఒకరోజు ఆగలేక నక్క చిట్టిబాబును పిలిపించాడు. చిట్టిబాబుకు రేవు గట్టున ఒక దుకాణం ఉంది. అందులో సరుకులు ఉండవు, సలహాలు ఉంటాయి.

"ఆ పోలమ్మను నమిలేస్తాను," అన్నాడు గంగరాజు.

"నమిలితే ముళ్లు గొంతులో దిగుతాయి రాజుగారూ. రాసేవాళ్లను ఆపాలంటే కొరకకూడదు. సాయం చేయాలి."

"సాయమా?"

"అవునండీ, ఉచితంగా. మీరు చూస్తూ కూర్చోండి. తిన్నాక ఎముకలు నావైపు విసిరితే చాలు."

మర్నాడు చిట్టిబాబు బుట్ట పట్టుకుని ఇప్పచెట్టు దగ్గరికి వచ్చాడు.

"పోలమ్మత్తా, ఎంత గొప్ప ఆకు నీది. ఇంతవరకు ఒక్కరైనా బాగుందన్నారా?"

పోలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్కరంటే ఒక్కరు అనలేదు నాయనా."

"ఎలా అంటారు? ఆకుకు రంగు లేదు, తీరు లేదు. పట్నంలో బ్లాగులు రాసేవాళ్లూ, పేజీలకు సోకులు దిద్దేవాళ్లూ ఒంటిచేత్తో పని చేస్తారనుకున్నావా? తగిలింపులు పెట్టుకుంటారు. వాళ్ల భాషలో ఎక్స్‌టెన్షన్లు. నీకు దేవుడు వీపు నిండా కొక్కేలిచ్చాడు, ఒక్కటీ వాడుకోవు."

అని బుట్టలోంచి ఒక్కొక్కదాన్నీ తీసి పోలమ్మ ముళ్లకు తగిలించాడు. మొదట ఊసరవెల్లి. అడవిలో ఎక్కడ మంచి రంగు కనబడినా అది తన ఒంటి మీదికి దించి చూపిస్తుంది. తర్వాత కొలతపురుగు. అక్షరానికీ అక్షరానికీ మధ్య జాగా ఎంతుందో నడిచి చెబుతుంది. ఆ పక్క ముల్లుకు కాకి. చప్పటి వాక్యాన్ని జనం పరిగెత్తుకొచ్చే శీర్షికగా మారుస్తుంది. చివర్లో, ఇంకా చోటుంది కదా అన్నట్టు, ఒక చెదపురుగు. ఆకు మీద అక్కర్లేని మాటలుంటే చప్పుడు కాకుండా తినేస్తుంది.

"అన్నీ ఉచితమేనా?" అంది పోలమ్మ.

"ఉచితమే. కాకపోతే ఒక మాట చదివి వినిపించాలి, అది పద్ధతి. 'నా ఆకుల మీద ఉన్నదంతా చదవడానికీ, మార్చడానికీ, మార్చినట్టు నాకు చెప్పకుండా ఉండడానికీ నేను...'"

"సరే."

"ఇంకా ఉంది అత్తా."

"సరే అన్నాను కదా. ఆ ఊసరవెల్లిని కాస్త కుడివైపుకు జరుపు."

మర్నాడు పోలమ్మ "మొసలి" అని రాయగానే ఊసరవెల్లి అడ్డం పడింది. "ఏ ఆకుపచ్చ వేద్దాం? పాచి ఆకుపచ్చా, బురద ఆకుపచ్చా?" అని ఒంటి మీద పద్నాలుగు ఆకుపచ్చలు వేసి చూపించింది. కొలతపురుగు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నడిచి వెళ్లి, ఎంతో మరిచిపోయి, మళ్లీ మొదటికొచ్చింది. కాకి "ఇందులో ఉత్కంఠ లేదు" అని పెదవి విరిచింది. కాకికి పెదవి లేదు కాని ఆ పని చేయగలదు.

తెల్లారేసరికి పడాల్సిన ఆకు బారెడు పొద్దెక్కాక పడింది. అయితేనేం, బ్రహ్మాండంగా ఉంది. దూరం నుంచి చూస్తే ఏం రాశారో తెలిసేది కాదు, ఎవరో చాలా కష్టపడ్డారని మాత్రం తెలిసేది. నాలుగు జంతువులు ఆగి "బాగుంది" అన్నాయి. సంతోషానికి పోలమ్మకు ఆ పూట తిండి సయించలేదు.

అప్పటినుంచి అది తన ఆకును తాను తిరిగి చదువుకోవడం మానేసింది. అంత బరువు వేసుకుని వెనక్కి తిరగడం కష్టం. పైగా చూసుకోవడానికి ఇంతమంది ఉండగా తనెందుకు?

మూడోనాడు చిట్టిబాబు వచ్చి చెదపురుగు చెవిలో ఏదో ఊదాడు. ఏమిటని పోలమ్మ అడిగితే "ఏం లేదత్తా, చిన్న చిన్న మెరుగులు" అన్నాడు. ఊదిందల్లా ఇదే: ఆకు మీద "మొసలి" అన్న మాట కనబడితే తినెయ్.

నాలుగోనాడు పోలమ్మ ఎప్పట్లాగే "మొసలి ఈ పూట దిగువ రేవులో ఉంది" అని రాసి పక్కకు ఒరిగింది. చెదపురుగు తన పని చేసింది. "ఈ పూట దిగువ రేవులో ఉంది" అని మిగిలింది. కాకి దాన్ని చూసి తనకొచ్చిన విద్య చూపించింది. ఆకు నిండా పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా పడింది: "దిగువ రేవులో ఉంది. ఏముందో చూస్తే మీ తోక మీరే కొరుక్కుంటారు."

ముందు చదివింది ఎర్రమ్మే. రెండేళ్లుగా నమ్మిన ఆకు. మొసలి పేరు లేదు కనక మొసలి లేదనుకుంది. కూనను వెంటబెట్టుకుని దిగువ రేవులోకి దిగింది. నీటి కింద గంగరాజు రెండేళ్ల ఆకలి కూడగట్టుకుని నోరు తెరుచుకుని ఉన్నాడు. కూన మూతికీ ఆ నోటికీ మధ్య జానెడు నీళ్లు.

అప్పుడు నేల అదిరింది.

ఆకు చదివింది ఎర్రమ్మ ఒక్కతే కాదు మరి. ముందు ఏనుగుల మంద వచ్చింది. వెనకే అడవిదున్నలు, పందులు, ఎలుగుబంట్లు. "ఏదీ, ఎక్కడుంది" అంటూ అన్నీ ఒక్కసారిగా రేవులో పడ్డాయి. ఒక ఏనుగు కాలు గంగరాజు తోక మీద పడింది. బండరాయి అనుకుని అది రెండో కాలు నడుం మీద పెట్టింది. ఎత్తు నుంచి అయితే బాగా కనబడుతుందని ఒక ఎలుగుబంటి తల మీదికెక్కింది. ఆ తొక్కిసలాటలో ఎర్రమ్మ కూనను మూతితో నెట్టుకుంటూ ఎలాగో గట్టెక్కింది.

కాళ్ల కింద మూలుగు వినబడి ఎలుగుబంటి వంగి చూసింది. "మామా, ఇక్కడ ఏదో ఉందట. మీరేమైనా చూశారా?"

"నేనే," అన్నాడు గంగరాజు.

"మీరు ఎప్పుడూ ఉండేవారే కదా. కొత్తగా ఏముందని అడుగుతున్నాను."

"కొత్తగా ఏమీ లేదమ్మా. నేనే ఉన్నాను. కాస్త దిగు."

ఆ మాట మంద చివరిదాకా పాకింది. "మొసలేనట." "ఇంతా చేసి మొసలా?" "పొద్దున్నే ఇంత దూరం నడిపించి చూపించేది ఇదా?" అని తిట్టుకుంటూ అన్నీ ఇంటిదారి పట్టాయి. ఒక ఏనుగు పోతూ పోతూ ఇప్పచెట్టు బెరడు మీద దంతంతో తన అభిప్రాయం చెక్కింది: "శీర్షిక ఏనుగంత, సరుకు చీమంత." పుట్టి బుద్ధెరిగాక గంగరాజును అంత మాట అన్నవాళ్లు లేరు.

తిట్టుకున్నంత మాత్రాన రావడం మానేస్తే అది లోకమే కాదు. మర్నాడు గంగరాజు ఎగువ రేవుకు పారిపోయాడు. పోలమ్మ నిజాయితీపరురాలు, బుడగలు చూసి ఎగువ అని రాసింది. చెదపురుగు తినాల్సింది తింది. కాకి "నిన్నటిది ఏపాటి, ఈ రోజుది చూడండి" అని పెట్టింది. నిన్న అందరికంటే ఎక్కువ తిట్టినవే ఈ రోజు ముందు వరసలో ఉన్నాయి. ఆ మర్నాడు నడిమి రేవు. అక్కడా అదే వరస. గంగరాజు నడుం వంకర తిరిగింది, పై వరస పళ్లు ఏడు రాలాయి.

"ఒరే చిట్టిబాబూ, ఆ చెదను తీసెయ్యరా," అని బతిమాలాడు.

"నేను తగిలించేవాణ్ణే గాని తీసేవాణ్ణి కాను రాజుగారూ. తీసే చోటు ఎక్కడుందో నాకూ తెలీదు," అని చిట్టిబాబు వెనక్కి తిరిగి చూపించాడు. "దుకాణానికి పనికొస్తుందని నేనూ ఒకటి పెట్టుకున్నాను. మూడేళ్లుగా నా తోక పట్టుకుని వేలాడుతోంది." నిజంగానే ఏదో వేలాడుతోంది.

ఈ మూడు రోజులూ ఎర్రమ్మ కూనను పొద దాటనివ్వలేదు. దాని నాలుక ఎండిపోతుంటే చూడలేక, నాలుగోనాడు పోలమ్మ దగ్గరికి వచ్చింది.

"అత్తా, నీ ఆకులో ఒక మాట లేదు."

"ఏ మాట?"

"అసలు మాటే. అది చూసుకునే ఇన్నాళ్లూ బతికాం. మొన్న నా బిడ్డ మూతికీ వాడి నోటికీ జానెడు లేదు. నిన్ను నమ్మే వెళ్లాను అత్తా."

పోలమ్మ వెనక్కి తిరగబోయింది. బరువుకు కాళ్లు మడతపడ్డాయి. అయినా మొండిగా తిరిగి, వారం తర్వాత తన ఆకును తాను చదువుకుంది. సిగ్గుతో ఒళ్లు కుంచించుకుపోయి, ముళ్లన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. ఆ విసురుకు ఊసరవెల్లి ఒకవైపు, కొలతపురుగు ఒకవైపు ఎగిరిపడ్డాయి. కాకి కొమ్మెక్కింది. చెదపురుగు ఏ పొదలో పడిందో ఎవరికీ తెలీదు. తీసే చోటు ఆ సిగ్గులో ఉందని చిట్టిబాబుకు ఎవరూ చెప్పలేదు.

పోలమ్మ ఒక ముల్లు పీకి, కొత్త ఆకు మీద రాసింది. "మొసలి ఈ పూట నడిమి రేవులో ఉంది." ఎర్రమ్మ చదివి, కూనను తీసుకుని ఎగువకు తిరిగింది. బాగుందనలేదు. పోలమ్మకు అది గుర్తుకూడా రాలేదు.

మందలు రావడం ఆగాక గంగరాజు కొంచెం కోలుకున్నాడు. కాని ఎక్కడ ఆకు రాలినా ఏనుగేమోనని ఉలిక్కిపడేవాడు. అది చూసి చిట్టిబాబు మళ్లీ బుట్టతో వచ్చాడు.

"రాజుగారూ, ఇది తీతువు పిట్ట. మీ పళ్లు శుభ్రం చేస్తుంది, ఉన్నవాటిని. మంద వస్తుంటే ముందే అరిచి చెబుతుంది. ఇక మిమ్మల్ని ఏ ఏనుగూ తొక్కదు."

"ఉచితమేనా?"

"మీ దగ్గర తీసుకుంటానా? ఒక్క మాట చదవాలి, పద్ధతి కనక. 'నేను ఎక్కడున్నానో, ఎక్కడికి కదిలానో అన్ని వేళలా తెలుసుకోవడానికీ, తెలిసింది అందరికీ...'"

"సరే."

"ఇంకా ఉంది రాజుగారూ."

"సరే అంటున్నానుగా. ముందు ఆ కుడివైపు పన్ను సంగతి చూడమను."

అప్పటినుంచి తీతువు గంగరాజు నెత్తి మీద కూర్చుని, పొద్దంతా అడవి దద్దరిల్లేలా అరుస్తోంది. "ఎగువ రేవు, ఎగువ రేవు. కదిలాడు, కదిలాడు. నడిమి, నడిమి." విదిలించుకుందామంటే మొసలికి ముళ్లు లేవు. సిగ్గూ లేదు.

పోలమ్మకు ఇక రాయాల్సిన పని లేకుండా పోయింది. అలవాటు చావక ఒకరోజు ఖాళీ ఆకు పెట్టింది. ఎర్రమ్మ కూనతో కలిసి తీరిగ్గా నీళ్లు తాగి వచ్చి, ఆ ఆకు ముందు చాలాసేపు నిలబడింది.

"బాగుంది అత్తా," అంది.

నీతి: ఉచితంగా ఏదైనా తగిలిస్తామంటే వద్దనకండి, మీ శత్రువు చిరునామా ఇవ్వండి.