చింతచెక్కకు ఏడు పూతలు

ముప్పై రెండేళ్ళు పత్తి మిల్లులో గుమాస్తాగిరీ చేసి మొన్న ఫిబ్రవరిలో రిటైరయ్యాను. మిల్లులో నన్నందరూ వాయిదాల యలమంద అనేవాళ్ళు. ఆ పేరెందుకొచ్చిందో ఇంకోసారి చెబుతాను.

మర్నాడే మా ఆవిడ బిందుమాధవి ఉత్తర్వు జారీ చేసింది. ఆవిడ చిలకలూరిపేటలో టీచరు. ఇంకా మూడేళ్ళ సర్వీసుంది.

"ఏమండీ, ఖాళీయేగా! నేను బడికెళ్ళేలోపు కూరలు తరిగి పెట్టండి."

"కత్తిపీట ముందు కూర్చుంటే నన్ను లేపడానికి పొక్లెయినర్ రావాలే."

"బజార్లో కటింగ్ బోర్డులు బోలెడున్నాయి. బల్లమీద పెట్టుకు తరగండి."

"ప్లాస్టిక్కా? ఆ పొట్టంతా మన పొట్టలోకే పోతుంది! నా చేతుల్తో చెక్కది చేస్తాను. అందాకా ఓపిక పట్టు."

ఎదురింట్లో తలుపులు బిగిస్తున్న వడ్రంగి హుస్సేన్ సాహెబ్ చింతచెక్క ముక్కొకటి చిత్రిక పట్టి ఇచ్చాడు. "గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె రెండు పూతలు పూయండి సార్. అయిపోద్ది" అన్నాడు.

అయిపోతే ఎలా? అయిపోతే తరగాలి కదా!

చింతచెక్క చేతికొచ్చాక నేను నిశ్చింతగా బతికాను. రోజుకో మూల చొప్పున నాలుగు రోజులు రుద్దాను. మొదటి మూలకున్న నునుపు నాలుగోదానికి రాలేదని మళ్ళీ మొదలుపెట్టాను. అలా పక్షం రోజులు గడిచాయి. తెల్లారగట్ట ఆవిడ హడావుడిగా బెండకాయలు తరుగుతుంటే, నేను కాఫీ చప్పరిస్తూ చెక్కను వెలుతురులోకి ఎత్తి చూసేవాణ్ణి.

"ఇంకెన్నాళ్ళండీ?"

"నూనె ఏడు పూతలు పడాలి. పూతకి మూడు రోజులు ఆరాలి. చెక్క విషయంలో తొందర పనికిరాదే."

"మన వీధిలో మూడంతస్తుల మేడ లేచింది. మీ పీట లేవలేదు!"

నాలుగో పూతనాడు ఏడాది కారానికని డాబా మీద మిరపకాయలు ఎండబోసి, కాపలా నాకు అప్పగించి ఆవిడ బడికెళ్ళింది. నూనె రాసిన చెక్కను వాటి పక్కనే ఎండలో పెట్టి, నీళ్ళ ట్యాంకు నీడలో కాపలా కాశాను. కళ్ళు మూసుకుని కాశాను.

ఒంటిపూట బడి విడిచాక ఇంటిముందు ఆగిన స్కూటీ చప్పుడుకి మెలకువ వచ్చింది. చూద్దును కదా, గాలికి లేచిన మిరప దుమ్మంతా తడి నూనెకి అంటుకుని చెక్క ఎర్రగా తయారైంది. పని ఎగ్గొట్టడానికే మొదలుపెట్టినా, అన్నాళ్ళు రుద్దేసరికి ఆ చెక్క మీద మమకారం పుట్టింది మరి. గబగబా అరచేత్తో తుడిచాను. అదే అరచేత్తో మొహం మీది చెమటా తుడుచుకున్నాను.

"బిందూ! కళ్ళు పోయాయే!"

పరిగెత్తబోయి మిరపకాయల్లో కాలేసి, జారి, వాటి మీదే చతికిలబడ్డాను. మంటకు చిరునామాలు పెరిగాయి.

ఆవిడ బకెట్టుతో పరిగెత్తుకొచ్చి నీళ్ళు కుమ్మరించింది. నా కేకలకు ఎదురింటి నుంచి హుస్సేన్ సాహెబ్ కూడా వచ్చాడు.

"ఏమైంది మేడమ్?"

"బోర్డుకి నాలుగో పూతంట."

"నాలుగోదా? రెండు పూస్తే చాలని చెప్పాగా సార్! వారం పని. నేనిచ్చి నెలవుతోంది!"

కళ్ళు మూసుకుని ఉండటం ఆ క్షణంలో నాకు కలిసొచ్చింది. మా ఆవిడ మొహం చూసే అవసరం తప్పింది.

ఆవిడ నన్ను చెయ్యి పట్టి దింపి, కళ్ళు కడిగి, వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. అరగంటకి కాస్త కనబడటం మొదలయ్యేసరికి, శుభ్రంగా కడిగిన చెక్క నా ముందు బల్ల మీద ఉంది.

"బోర్డు మాత్రం బాగా కుదిరిందండీ" అంది.

"నిజంగానా?" అన్నాను ఉబ్బిపోయి.

"నిజంగానే. ఇదిగో కత్తి. రెండు కిలోల ఉల్లిపాయలున్నాయి. ఎలాగూ కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయిగా, ఆగేలోపు తరిగెయ్యండి!"