పిల్లల వార్డులో ఖాళీ పడకలు

విజయవాడలోని ఒక ఆస్పత్రిలో, పేరెందుకు గాని, పిల్లల వార్డుకు రోగులు రావడం తగ్గిపోయిందన్న దుర్వార్త డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఆగస్టులో పైఅధికారుల చెవిన పడింది. ఇరవై పడకల్లో పదహారు ఖాళీ. ఏటా కాలవలకు కొత్తనీరు వదిలిన పది రోజులకల్లా మంచానికి ఇద్దరేసి పిల్లలు విరేచనాలతో పడుకునే వార్డు అది. అలాంటిది బోసిపోయేసరికి సూపరింటెండెంటు డాక్టర్ వెంకటకృష్ణారావు గారికి ఆ పూట కాఫీ సయించలేదు.

విచారణ జరిపించగా దోషి దొరికింది. ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో నడిచే నర్సుల బడికి సిస్టర్ ట్యూటర్ అమలమ్మ. పటమట మనిషి, యాభై ఏళ్లు. పక్క పరచడం దగ్గర్నుంచి ప్రాణం పోతున్నవాడి చెయ్యి పట్టుకోవడం దాకా ఇరవై రెండేళ్లుగా ఆడపిల్లలకు నేర్పుతోంది. కుర్ర డాక్టర్లకు నరం దొరకనప్పుడు వాళ్ల పరువు పోకుండా కళ్లతోనే చూపించడం కూడా ఆమె పనే. అది ఉద్యోగ నిబంధనల్లో లేదు కనుక ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు.

ఆమె చేసిన నేరం ఇది. నర్సు కేవలం సేవకురాలు కాదు, ప్రజలకు ఉపాధ్యాయిని కూడా అని అంతకు ముందటేడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. అన్ని ఆస్పత్రులవారూ దాన్ని భక్తితో చదివి బీరువాలో పెట్టారు. అమలమ్మకు అంత లోకజ్ఞానం లేక అమలు జరిపింది. ప్రతి గురువారం ఎనిమిదిమంది విద్యార్థినులను ఎర్రబస్సెక్కించి, కూచిపూడి దారిలో దిగి, కాలవ గట్టున నడిచి ఒక పల్లెకు తీసుకెళ్లేది.

అక్కడ విరేచనాలైన బిడ్డకు నీళ్లు ఆపేయడం ఆచారం. చిల్లుకుండలో నీళ్లు పోస్తారా అన్నది వాళ్ల తర్కం. అమలమ్మ ఉపన్యాసం ఇవ్వలేదు. నారుమడి వాడితే నీళ్లు పెడతారా, ఆపుతారా అని అడిగింది. పెడతామన్నారు ఆడవాళ్లు. చెంబెడు కాచి చల్లార్చిన నీళ్లు, మూడు వేళ్లకు వచ్చిన ఉప్పు, గుప్పెడు పంచదార. కలిపాక రుచి చూడాలి, కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదు. అంతే పాఠం. ఆదెమ్మ అనే కూలిమనిషి అలా తన మూడేళ్ల కూతురు తెరేసమ్మను దక్కించుకుని, నాట్లు వేస్తూ వేస్తూ పక్కవాళ్లకు చెప్పింది. వాళ్లు ఇంకో చేలో చెప్పారు. ఏడాది తిరిగేసరికి నాలుగూళ్లు చెడిపోయాయి. ఒక్కరూ ఆస్పత్రికి రారు.

సూపరింటెండెంటు గారు అమలమ్మను పిలిపించి కూర్చోమన్నారు. కూర్చోమంటే కష్టమేదో ఉందని ఆమెకు అర్థమైంది.

"అమలమ్మగారూ, మీ సేవను నేను తక్కువ చెయ్యట్లేదండి. కానీ రోగులే లేకపోతే మీ పిల్లలు రోగుల్ని చూసుకోవడం ఎట్లా నేర్చుకుంటారు? పదిహేను రోజుల్లో నర్సింగ్ కౌన్సిల్ తనిఖీ ఉంది. కేసులు చాలవని బడికి గుర్తింపు తీసేస్తే, రేపు ఊళ్లకెళ్లి చెప్పడానికి నర్సులు ఎక్కణ్ణుంచొస్తారు? కాస్త దూరదృష్టి ఉండాలండి."

ఈ వాదంలో లోపమెక్కడుందో అమలమ్మకు తోచలేదు. బడిలో ముప్ఫై ఇద్దరు అమ్మాయిలున్నారు. సగంమంది చేలగట్ల మీంచి వచ్చినవాళ్లు. బడి మూసేస్తే మళ్లీ ఆ గట్ల మీదికే పోతారు. అందుకని సూపరింటెండెంటు గారి ఉపాయానికి తల ఊపింది. ఆ పల్లెనుంచి పదహారుమంది పిల్లల్ని తెచ్చి రెండు రోజులు పడకల మీద పడుకోబెట్టాలి. జబ్బు తెచ్చుకోనక్కర్లేదు, పడుకుంటే చాలు.

ఆదెమ్మను ఈ మాట అడిగేటప్పుడు అమలమ్మ తలెత్తలేదు.

"మీ బడి నిలబడాలంటే మా పిల్లలు పడుకోవాలా అమ్మగారూ? పడుకుంటార్లెండి. లేచి పరిగెత్తకుండా చూట్టం మాత్రం మావల్ల కాదు."

అన్నట్టే పిల్లలు తల్లులతో వచ్చారు. సూపరింటెండెంటు గారు స్వయంగా వార్డంతా తిరిగి, పక్షపాతం లేకుండా అందరికీ జబ్బులు పంచారు. ఉబ్బసం దక్కినవాడు మంచాల మీంచి మంచాల మీదికి దూకాడు. పక్షవాతం దక్కినవాడు వాణ్ణి తరిమాడు. అమలమ్మ కాచిన నీళ్ల బిందె పెట్టించింది గాని, వరండాలో పంపు కింద దోసిలి పట్టడం పిల్లలకు కొత్త సరదా. ఆ పంపుకు నీళ్లొచ్చే తొట్టికి మూతలేదని ఆమె మూడేళ్లుగా కాగితాలు పెడుతోంది. విషయం పరిశీలనలో ఉంది.

మర్నాడు తెల్లారేసరికి పదకొండుమందికి విరేచనాలు పట్టుకున్నాయి. ఈసారి నిజంగానే. తెరేసమ్మ కళ్లు గుంటలు పడ్డాయి. సెలైన్ సీసాలున్న గది తాళం సెలవు మీద వెళ్లిన గుమాస్తా దగ్గరుంది. ఎవరూ చెప్పకుండానే తల్లులు క్యాంటీన్లోంచి ఉప్పు, పంచదార తెచ్చి, నీళ్లు మరిగించి, చెంచాలు పుచ్చుకుని కూర్చున్నారు. అమలమ్మ తెరేసమ్మను ఒళ్లో వేసుకుంది. చెంచా చెంచాగా తాగించింది.

పది గంటలకు కౌన్సిల్ నుంచి ఛాయాదేవి గారు వచ్చి, ఇంత నిండుగా ఉన్న వార్డును ఈ మధ్య చూడలేదని సంతోషించారు. అమలమ్మ లేవకుండానే చెప్పింది.

"తెచ్చినప్పుడు వీళ్లకే జబ్బూ లేదండి. మా నీళ్లు తాగాకే వచ్చింది."

ఛాయాదేవి గారు కలం ఆపి ఫారమంతా ఓసారి చూసుకున్నారు. "దానికి ఇందులో గడి లేదండీ," అన్నారు మెల్లిగా.

కేసులు పుష్కలముగా నున్నవనియు, రోగుల తల్లులకు సైతము ఉత్తమ శిక్షణ ఇవ్వబడినట్లు కనుపించుచున్నదనియు రాసి సంతకం పెట్టారు. తన హయాంలో ఇదంతా సాధ్యపడినందుకు సూపరింటెండెంటు గారు పది నిమిషాలు వినయంగా ప్రసంగించారు.

సాయంత్రం తెరేసమ్మ ఒంటేలు పోసింది. అమలమ్మ చీర తడిసింది. నీరు ఒంట పట్టిందనడానికి అంతకంటే రుజువు లేదు. ఆ తడి చూసుకుని ఆమె పిల్లలందరి ఎదుటా ఏడ్చింది.

మూడో రోజు అందరూ లేచి తిరిగారు. బయల్దేరేముందు ఆదెమ్మ, "ఇక మా ఊరు రాకండి అమ్మగారూ," అంది. అమలమ్మ మొహం చూసి మళ్లీ అంది. "మీమీద కోపం కాదు. గురువారం మేమే వస్తాం. చెప్పాల్సినోళ్లు ఇక్కడున్నారు."

అన్నట్టే వచ్చింది. మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని వరండాలో కూర్చుని, వచ్చిన తల్లులకల్లా చెప్పింది. అనధికార బోధన నేరమని కాపలావాడు గేటు బయటికి పంపాడు. గేటు బయట కూర్చుని చెప్పింది. పల్లె ప్రయాణాలు రద్దుచేస్తూ ఉత్తర్వు వచ్చాక అమలమ్మ ప్రతి గురువారం స్వంత పని మీద అరపూట సెలవు పెట్టి, ఆ గేటు దగ్గరికే వెళ్లి కూర్చునేది.

తనిఖీ నివేదిక ఫలితంగా పిల్లల వార్డుకు మరో ఇరవై పడకలు మంజూరయ్యాయి. గవర్నర్‌పేట వర్తక ప్రముఖులు సూపరింటెండెంటు గారికి శాలువా కప్పారు. హాలు పట్టనంతమంది వెళ్లాం, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాం. పడకలు పెరిగితే ఊరు పెరిగినట్టేనని మనం ఏనాడో ఒప్పుకున్నాం. వాటిని నింపే బాధ్యత కూడా మనదే. ఆ బాధ్యతను మనం ఇంతవరకు ఏ ఏడూ విస్మరించలేదు.