వదినగారి టర్న్ డౌన్ దండయాత్ర

పగలంతయు గాజుకిటికీల మీద అగ్నిబాణములు కురిపించి అలసిన సూర్యుడు ఎదుటి మేడల వెనుకకు వెన్నిచ్చి పారిపోవుచుండగా, వీధిదీపములొక్కటొక్కటే కన్ను విప్పుచుండగా, అతిథిజనసంకులమును, ప్రక్షాళితవస్త్రపరిమళభరితమును, లిఫ్టుగంటల నిరంతరనాదముచే ప్రతిధ్వనితమును అగు ఒకానొక హోటలునందు, నాలుగవ అంతస్తున జరిగిన ఘోరసంగ్రామమును చెప్పబూనితిని. ఓ చిన్నమాటల తల్లీ! బారెడు సమాసములు నా నోట తమంతట తామే దొర్లును గాని, 'అప్' అనియు 'డౌన్' అనియు తోకలు తగిలించుకొని పూటకొక వేషము కట్టు ఆంగ్లక్రియల గుట్టు నాకంతుపట్టదు. ఈ ఒక్క సాయంకాలము నా నాలుక మడతపడకుండ కాచుము!

ఆ అంతస్తునకు ఏకైక సంరక్షకురాలు, ఆస్తరణకళాకోవిద, దిండుగలీబుల పాలిటి దండనాయిక, దుప్పటి వదిన. ఆమె పరచిన దుప్పటిపై ముడుత వెదకబోయినవాడు కళ్ళజోడు మార్చుకొనుటయే గాని ముడుత కనుగొన్నది లేదు. క్రింద స్వాగతపీఠమునలంకరించు గుమాస్తా ఆమెకు స్వయానా మరిది. ఈ కొలువు వేయించినవాడును వాడే. వాడు 'వదినా' అని పిలువగా విని, వంటవాడు మొదలు కావలివాని వరకు ఎల్లరును ఆమెను వదినా అనియే పిలువ మరగిరి.

అయితే ఆ కొలువింకను పచ్చిది. పరీక్షాకాలము ముగియుటకు కొలది దినములే మిగిలియుండెను. ఇంటియందు, గోడలకు రంగులు వేయు భర్త నిచ్చెన మీదనుండి జారి, కాలికి కట్టుతో కుర్చీకి అతుక్కుపోయియుండెను. ఆ ఉదయముననే, చూపుడువ్రేలితో ధూళిని పసిగట్టుటలో అద్వితీయ అయిన సూపర్‌వైజరు మేడం, వదినను నిలబెట్టి ఇట్లు హెచ్చరించియుండెను:

"నీ ఫ్లోర్ నుంచి ఇప్పటికే కంప్లైంట్లు వచ్చాయి. పని బాగా చేస్తావ్, కాదనను. కానీ గెస్టు చెప్పేది ఒకటి, నువ్వు చేసేది ఒకటి. ఇంకోటి వచ్చిందా, నా చేతుల్లో ఏమీ ఉండదు. తర్వాత నన్నడగొద్దు."

ఆ మాట ములుకై గుండెలో దిగబడియుండగనే, ఆ సంధ్యాసమయమున, వరండాలోని ఫోను రణభేరి వలె మ్రోగెను.

"వదినా, చివరి రూమ్‌లో ఫ్లూట్ వాయించే ఆయన లేడూ, తెల్లమీసాలాయన? టర్న్ డౌన్ అంట," అని మరిది పలికెను.

"ఏది?"

"ఏమో. టర్న్ ఇట్ డౌన్ అన్నాడు. ఆ 'ఇట్' ఏంటో నువ్వే చూడు. ఇక్కడ బస్సెడు మంది దిగారు, ఊపిరాడట్లేదు."

ఆ పదద్వయము చెవినబడగనే వదిన ముఖము వికసితారవిందమయ్యెను. ఏలయన ఆ మాట ఆమె ఎరిగినదే. చీకటిపడువేళ అతిథి పడకపై కంబళి కొసను సుతారముగ వెనుకకు మడిచి, 'ఇటు దూరి పడుకొనుడు' అన్నట్లు అమర్చుటయే టర్న్ డౌన్ అని శిక్షణాతరగతిలో ఆమెకు నేర్పియుండిరి. చేతిపనిలో ఆమెకు సాటి ఎవరు? సబ్బుల, తువ్వాళ్ళ రథమును త్రోసికొనుచు, చెమటలు గ్రక్కుచు, ఆమె చివరి గదిలో ప్రవేశించెను.

అచ్చట తెలుగెరుగని తెల్లమీసముల వేణువాదకుడు, మెడకు మఫ్లరు చుట్టి, చేతులు రెండును చంకలలో దాచుకొని, గది నడుమ నిలిచియుండెను. ఆ రాత్రి క్రిందిహాలులో ఆయన కచేరీ. వేణువు బల్లపై పడియుండెను. వదినను చూచి ఆయన ఆశగా, "ప్లీజ్, టర్న్ ఇట్ డౌన్!" అనెను.

"ఓకే సార్!" అని వదిన మంచము పైకి లంఘించి, కంబళి కొసను త్రికోణాకృతిని మడిచెను. ఆ మడత ఎట్టిదందురా? రేఖాగణితమునకే కన్ను కుట్టు మడత!

వృద్ధుడు దానిని చూచెను. వదినను చూచెను. "థాంక్యూ... బట్ ప్లీజ్, టర్న్ ఇట్ డౌన్!"

ఒక కొస చాలలేదు కాబోలునని వదిన రెండవ కొసను మడిచెను. అప్పుడును ఆయన తల అడ్డముగనే ఆడుచుండుటచే, రోషావేశితయై కంబళిని ఆమూలాగ్రము మంచపుకాళ్ళ వైపునకు మడిచివైచెను. ఆ గదిలో ఆయనకు మిగిలిన వెచ్చదనమంతయు ఆ కంబళియే. అది కనులయెదుట చుట్టచుట్టుకొని పోవుచుండగా, ఓడలో చోటు దొరకక ఒడ్డున మిగిలినవాని వలె ఆయన చేయి చాచెను. చెమటతో తడిసిన వదినకు మాత్రము ఆ గదిలోని చలి, ఎవరో వింజామరతో వీచుచున్నట్లు హాయిగా నుండెను. అందుచేత చలి అను శత్రువు ఆమె కంట పడలేదు.

"టర్న్ ఇట్ డౌన్!" అని ఆయన ఈమారు బిగ్గరగా అరచెను.

వదిన వరండాలోనికి తిరోగమించి ఫోనునందుకొనెను.

"అబ్బాయ్, దుప్పటి మొత్తం మడిచేశాను. అయినా టర్న్ డౌనే అంటున్నాడు. పైగా అరుస్తున్నాడు."

అప్పుడు స్వాగతపీఠాధీశ్వరుడు, ఎదుట బస్సెడు మంది తాళపుచెవులకై చేతులు చాచియుండగా, వారిని మరచి, నిట్టూర్చి ఇట్లనెను:

"వదినా, దుప్పటి కాదు. టర్న్ డౌన్ అంటే వద్దు పొమ్మనడం. ఆ మాట సంగతి నన్నడుగు! నా ప్రమోషన్‌ని టర్న్ డౌన్ చేశారు. లీవ్ అడిగితే టర్న్ డౌన్ చేశారు. మొన్న చూడ్డానికెళ్ళిన సంబంధం వాళ్ళు, టీ ఇచ్చి మరీ టర్న్ డౌన్ చేశారు. అది ఎక్కడ తగుల్తుందో నాకు తెలుసు. ఆయనకి రూమ్ నచ్చలేదు. ఎదురుది ఖాళీ, అది చూపించు."

అనుభవజ్ఞుని వాక్కునకు తిరుగేమి? వదిన ఎదుటిగది తలుపు బార్లా తెరచి, వృద్ధుని సగౌరవముగ అందు ప్రవేశపెట్టెను. ఆ గది లిఫ్టు యంత్రమునకు అంటుకొని యుండుటచే నిముసమునకొకసారి గోడలు గురకపెట్టుచుండెను. ఆయన ఆ గురకను విని, మర్యాదాపురుషుడగుటచే చిరునవ్వు నవ్వి, "వెరీ కైండ్. బట్ ఐ మస్ట్ టర్న్ దట్ డౌన్," అని వెనుదిరిగెను.

వదిన శిలాప్రతిమయయ్యెను. ఇందాక 'ఇట్', ఇప్పుడు 'దట్'! దట్ అనగా ఈ గది. దీనిని ఆయన వలదనెను, అది స్పష్టము. మరిది చెప్పిన అర్థము తప్పు కాదు. కాని వలదనవలసినది ఆయనయే అయినచో, తనను చేయమనుచున్న టర్న్ డౌన్ మరి ఏది?

ఇంతలో ఫోను మరల మ్రోగెను. "వదినా, కొంప మునిగింది. ఆయన మళ్ళీ కిందికి ఫోన్ చేశాడు. ఈసారి మేడం ఎత్తింది. లిఫ్ట్ ఎక్కేసింది!"

అప్పుడా వీరనారి కన్నుల నీరు తిరిగెను. కట్టు కట్టిన భర్తకాలు కనులముందు మెదలెను. ఆ మరుక్షణమే దుఃఖము రౌద్రమై, కొంగు నడుమున బిగించి, జనశూన్యమగు వరండాలో, కంటికి కానరాని ఆ క్రియాపదమునుద్దేశించి ఇట్లు గర్జించెను:

"ఒసేయ్ టర్న్ డౌనూ! మడవమంటే మడిచాను. మార్చమంటే మార్చాను. ఒక్క మాటవై ఉండి ఇన్ని పన్లు చెప్తావా? మా అత్తగారు కూడా ఒకసారికి ఒక పనే చెప్పేదే! ఇవ్వాళ నువ్వో నేనో తేలిపోవాలి, రా!"

ఇట్లు పలికి ఆమె మరల చివరి గదిలో దూకెను. వృద్ధుడు ఇక మాటలను నమ్మక, వణకుచున్న వ్రేలిని గోడవైపు చాచెను. అచ్చట ఏసీని నడిపించు బుల్లిపెట్టె కలదు. దాని మూత తాళపుచెవి సిబ్బంది కడనే యుండును. వదిన కనులు తళుక్కుమనెను. నడుమున వ్రేలాడు గుత్తినుండి బుల్లి తాళపుచెవిని ఖడ్గము వలె దూసి, మూత తెరచెను. లోపల ఇరువది అను అంకె. క్రింద రెండు బాణపు గుర్తులు, ఒకటి పైకి, ఒకటి క్రిందికి. డౌన్ అనగా క్రిందికి! పసిబిడ్డకైనను తెలియును!

ఆమె క్రింది బాణమును నొక్కెను. అంకె దిగెను. మరల నొక్కెను, మరల దిగెను. పదునారు చేరి ఇక దిగనని మొండికేసెను. తోడనే ఏసీ, నిద్రలో తోక త్రొక్కబడిన పులి వలె బొబ్బరిల్లి, హిమఝంఝామారుతమును గదిలోనికి వదలెను. తెరలు ఎగిరెను. బల్లపైనున్న సంగీతపు కాగితములు పావురములై లేచెను. వృద్ధుని తుమ్ము పిడుగై పడెను.

"నో, నో! డౌన్! డౌన్!"

"ఇంకెక్కడికండీ డౌను! పాతాళం కూడా దాటేశాం!" అని వదిన తెలుగుననే మొరపెట్టుకొనెను.

అది విని ఆయనకేమి తోచెనో, బల్లపైనున్న వేణువునందుకొని పెదవులకు చేర్చి ఊదెను. స్వరము బయలుదేరి నడుమనే పగిలెను. వ్రేళ్ళు కొయ్యబారి రంధ్రములపై కదలవయ్యెను. ఆయన వేణువును దించి, తన వ్రేళ్ళవైపు చూచుకొనెను. ఆ చూపులో కోపము లేదు, భయముండెను.

వదిన ఆ చూపునెరుగును. నిచ్చెన మీదనుండి పడిన దినమున ఆమె భర్త తన కాలిని అట్లే చూచుకొనియుండెను. అప్పుడామె టర్న్ మరచెను, డౌన్ మరచెను, ఉద్యోగమును సైతము మరచెను. ముందుకు వచ్చి ఆ ముసలివ్రేళ్ళను తన అరచేతులలోనికి తీసుకొనెను. అవి మంచుకడ్డీలు.

"అయ్యో నాయనా! చలేస్తోందా? ఆ మాట చెప్పరేం!"

తన చెమట ఆరిపోయి తన పండ్లును కటకటమనుచుండుట ఆమెకప్పుడే తెలిసెను. ఒక చేత ఆయన వ్రేళ్ళను పట్టుకొనియే, రెండవ చేత పై బాణమును నొక్కెను. అంకె పైకి ప్రాకెను.

"యస్! డౌన్! డౌన్!" అని వృద్ధుడు ఆనందముతో కేకవైచెను.

ఆయన డౌన్ అనుచుండెను. ఆమె అప్ నొక్కుచుండెను. ఆయన ఎంత గట్టిగా డౌన్ అనిన, ఆమె అంత గట్టిగా అప్ నొక్కెను. చలి తగ్గవలెనన్న అంకె పెరుగవలెనట! ఈ ధర్మసూక్ష్మమును ఏ వ్యాకర్త ఎక్కడ వ్రాసెనో ఎరుగను. అంకె ఇరువదియైదు చేరగనే ఏసీ గర్జన గురకయై, గురక నిట్టూర్పై అణగిపోయెను.

సరిగ్గా ఆ వేళ సూపర్‌వైజరు మేడం, వ్రేలు చాచిన చేతితో, ద్వారమున సాక్షాత్కరించెను. చెదరిన కాగితములను, కాళ్ళకడ కుప్పపడిన కంబళిని, బార్లా తెరచియున్న ఎదుటిగదిని ఒకే చూపున చుట్టివచ్చెను.

"ఏంటిది? ఆయన ఏం టర్న్ డౌన్ చెయ్యమన్నాడు, నువ్వేం చేశావ్?"

"అన్నీ అయ్యాయి మేడం. దుప్పటి నేను చేశాను. ఎదురు రూమ్ ఆయన చేశాడు. చలి మాత్రం ఇద్దరం కలిసి చేశాం."

మేడం పెదవులు బిగించి అతిథివైపు తిరిగి, కంప్లైంటు ఏమని ఆంగ్లమున వినయముగ అడిగెను. వృద్ధుడు జవాబుగా వేణువునందుకొనెను. ఒక్కొక్క వ్రేలును పరీక్షించుకొనుచు అడుగునుండి పైవరకు స్వరములెక్కెను. ఈమారు ఏదియు పగులలేదు. "కంప్లైంట్? నో కంప్లైంట్!" అని వదినవైపు చూచి తల వంచెను.

మేడం అలవాటు చొప్పున బుల్లిపెట్టె మూతపై వ్రేలు రాచి చూచుకొనెను. దుమ్ము లేదు.

"సరే. ఆ కాగితాలు ఏరి పెట్టు. రేపు లేటు చెయ్యకు," అని వెడలిపోయెను.

ఆ వాక్యమున 'రేపు' అను మాట యొక్కటియే వదినకు వినబడెను. ఆమె మోకాళ్ళపై కూర్చుండి కాగితములేరుచు నవ్వుచుండెను. ఎందుకో తెలియకయే వృద్ధుడును నవ్వుచుండెను.

కావున సకలజనులకును ఎరుకపరుపబడునదేమనగా: రాజ్యములు కూలలేదు, కిరీటములు దొర్లలేదు. ఆ సంధ్యవేళ ఆంగ్లక్రియాసైన్యములలో ఒక్క క్రియ, దాని అర్థములలో ఒక్క అర్థము, ఒక్క గదిలో లొంగదీయబడెను. దుప్పటి వదిన ప్రతాపమున ఒక ముసలివాని వ్రేళ్ళు వెచ్చబడెను. జయము! జయము!